దొరువు నిలిస్తేనే పూలతోట

ఆ మధ్య కావలి వైపు నుంచి వచ్చిన ఒక యువ రైతు మా ముందు ఒక రంగుల బొమ్మ పెట్టాడు. గులాబి రంగు పువ్వు. దోసిలి పడితే దోసిలి నిండేంత పువ్వు, రేకుల మీద రేకులు. "దీన్ని పియోనీ అంటారంట. పట్నాల్లో పెండ్లి పందిళ్లకు ఒక్కో పువ్వుకు ఇంతని లెక్కగట్టి అమ్ముతారంట. దుంపలు హాలెండు నుంచి తెప్పిస్తానని ఒకాయన చెప్తుండాడు. మాది సముద్రం ఒడ్డు ఇసక నేల. అర ఎకరం వేద్దామని చూస్తుండా. ఏమంటారు?" అని అడిగాడు.

వద్దన్నాము. కానీ ఒక్క మాటతో 'వద్దు' అని పంపించివేయటం న్యాయం కాదు. వేరుశెనగ నమ్ముకొని, సరుగుడు నమ్ముకొని, చివరకు పూలు నమ్ముకొని కూడా అప్పు తీరని రైతు కొత్త పువ్వు వైపు చూడటంలో తప్పు లేదు. ఎందుకు వద్దో చెప్పాలి. దాని బదులు ఏం చూసుకోవాలో కూడా చెప్పాలి. అందుకే ఈ వ్యాసం.

చలి కోరే పువ్వు

పియోనీ పుట్టిల్లు చైనా. అక్కడ దానిని పూలకు రాజుగా ఎంచి వందల సంవత్సరాలుగా పెంచుకుంటున్నారు. లొయాంగ్ నగరం ఆ పూలకు పేరు పొందింది. యూరప్‌కు చేరిన తరువాత అక్కడి తోటమాలులు ఎన్నో రకాలు సృష్టించారు. 1906లో ఫ్రాన్సులో లెమొయిన్ కుటుంబం రూపొందించిన 'సారా బెర్నార్' అనే గులాబి రంగు రకాన్ని నేటికీ పూల అంగళ్లకు పండిస్తున్నారు. మన దేశంలోనూ హిమాలయాలలో ఒక అడవి జాతి ఉన్నది. దాని పువ్వు తెలుపు.

ఈ మొక్క స్వభావం వేరు. చలికాలం రాగానే పైనున్నదంతా ఎండిపోయి, దుంప భూమిలో నిద్రపోతుంది. ఐదారు డిగ్రీలకు మించని చలిలో వారాల తరబడి అలా నిద్రపోతేనే మరుసటి వసంతంలో మొగ్గ తొడుగుతుంది. మరి మన నెల్లూరు సంగతి? జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. శీతల గిడ్డంగిలో ఉంచిన దుంపను తెచ్చి నాటితే ఒక మొలక రావచ్చు. రెండో యేడు దానికి నిద్ర ఎక్కడిది?

ఇంకొక సంగతి. అనుకూలమైన నేలలో సైతం దుంప నాటిన తరువాత అమ్మకానికి తగిన కాడలు రావటానికి మూడేండ్లు పడుతుంది. అంటే దుంపలు అమ్మినవాని డబ్బు మొదటి రోజే చేతికొస్తుంది. నాటినవాడు మూడేండ్లు కాచుకొని కూర్చోవాలి. నష్టం ఎవరిదో వేరే చెప్పాలా?

అమెరికాలో మంచు ప్రాంతమైన అలాస్కా రైతులు ఈ పువ్వును పండించి ఎగుమతి చేస్తున్నారు. మిగతా దేశాలలో పియోనీ కాలం ముగిసిపోయాక, జూలై ఆగస్టు నెలలలో అక్కడ పూస్తుంది. తమ నేలకున్న చలినే వారు బలంగా మార్చుకున్నారు. అలాగైతే నెల్లూరు తీరానికున్న బలం ఏమిటి? అసలు అడగవలసిన ప్రశ్న ఇది.

కాలువ ఆగిన చోట

నెల్లూరు అనగానే మొలగొలుకుల బియ్యం గుర్తుకొస్తుంది. పెన్న మీద 1850లలో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట కట్టారు. 2022 సెప్టెంబరులో ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ఐతే ఆ కాలువ నీరు సముద్రం దాకా రాదు. బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల తూర్పు అంచున వరి మళ్లు ఆగిపోయి ఇసుక మెరకలు మొదలవుతాయి. సరుగుడు తోపులు, కూరగాయల మళ్లు, వాటి నడుమ పూలతోటలు. ఎకరం, అర ఎకరం, కొన్ని చోట్ల పదిహేను సెంట్లు. సొంత భూమి కొద్ది, కౌలు ఎక్కువ.

ఈ ఇసుకకు ఒక గుణమున్నది. వాన నీటిని నిలవనీయదు, వెంటనే మింగుతుంది. మల్లె వేరుకు నీళ్లు నిలిస్తే చేటు. కనుక ఇసుక నేల మల్లెకు నప్పుతుంది, చెరువు మట్టి, పశువుల ఎరువు తోలుకుంటేనే సుమా. కార్తీక, మార్గశిర మాసాలలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తారు. ఫాల్గుణానికి మొగ్గ పడుతుంది. వేసవి అంతా పూత. కనకాంబరానికి వాసన లేదు, కానీ కోసిన తరువాత రెండు రోజులైనా వాడదు. అందుకే మాల కట్టేవారికి అది లేనిదే గడవదు. దానికి శత్రువులు రెండు: వేళ్లలో బొడిపెలు కట్టించే నులిపురుగు, ఎండు తెగులు. ఇసుక నేలలో నులిపురుగు మరీ ఎక్కువ. ఒకే మడిలో వెంట వెంట కనకాంబరమే వేస్తే తోట నిలవదు. నడుమ బంతి వేస్తే నులిపురుగు తగ్గుతుంది, పువ్వూ వస్తుంది.

ఇక గులాబి రంగే కావాలంటారా? మనకు ఎడ్వర్డ్ గులాబి ఉన్నది. గుత్తంగా రేకులు, మంచి వాసన. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో పుట్టిన రకం ఇది. మన దేశానికి వచ్చి స్థిరపడి, ఎండకు అలవాటు పడి, ఇంటి పెరటిలోనూ పొలంలోనూ పూస్తున్నది. పియోనీ బొమ్మలో ఆ యువకుడు చూసి ముచ్చటపడిన నిండుదనం చిన్న రూపంలో దీనిలో ఉన్నది. గులాబి రంగు గన్నేరు కూడా ఉన్నది. ఉప్పుగాలికీ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది. తమిళనాడులో సేలం ప్రాంతంలో దానినే పొలాల్లో పెంచి పూజ పూలుగా అమ్ముకుంటున్నారు. ఒక హెచ్చరిక: గన్నేరు ఆకు, కొమ్మ, వేరు అన్నీ విషమే. గొడ్డూ గోదా తిరిగే చోట కంచె లేకుండా వేయరాదు.

గన్నేరు ఉప్పుకు ఓర్చుకుంటుంది గాని, గులాబి ఓర్చుకోదు. నీటిలో ఉప్పు పెరిగితే మొదట ఆకు అంచులు మాడతాయి, ఆ తరువాత మొగ్గ చిన్నదవుతుంది. కనుక ఏ పువ్వు వేయాలన్న ప్రశ్నకు జవాబు బొమ్మలలో దొరకదు, దొరువులో దొరుకుతుంది.

దొరువు అంటే ఏమిటి?

తీరప్రాంతం ఎరుగని పాఠకుల కోసం చెబుతున్నాము. ఇసుక నేలలో నాలుగు వైపులా ఏటవాలుగా తవ్విన గుంటను దొరువు అంటారు. కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది. వెనుకటి రోజుల్లో చేతికొక కుండ పట్టుకొని దొరువులోకి దిగి, నింపుకొని పైకెక్కి, పాదు పాదుకూ పోసేవారు. తెల్లవారుజామున మొదలైతే పొద్దెక్కే దాకా దిగటం, ఎక్కటం. నడుములు విరిగే పని. ఇప్పుడు చాలా చోట్ల ఆ కుండల స్థానంలో ఇంజన్లు, మోటార్లు వచ్చాయి. ఆ చాకిరీ పోయినందుకు ఎవరూ చింతించనక్కరలేదు. ఐతే కుండకు ఒక హద్దు ఉండేది. మనిషి ఎంత మోయగలడో అంతే నీరు పైకి వచ్చేది. మోటారుకు ఆ హద్దు లేదు.

సముద్రం అంత దగ్గర ఉండగా దొరువులో తీపి నీరు ఎక్కడి నుంచి వచ్చింది? అది వాన నీరు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తుంది. ఇసుక దానిని మింగుతుంది. కింద ఇసుకలోకి సముద్రపు ఉప్పునీరు ముందే చేరి ఉంటుంది. ఉప్పునీరు బరువు, తీపి నీరు తేలిక. కనుక వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. కుండలో పాల మీద మీగడ కట్టినట్లు. తీరప్రాంతపు పూలతోటలన్నీ ఈ మీగడ మీద బతుకుతున్నాయి.

ఒక అడుగు తోడితే నలభై అడుగులు

ఈ మీగడకు ఒక లెక్క ఉన్నది. దానిని కనుగొన్నవారిలో ఒకడు హాలెండు దేశపు ఇంజనీరు బాడన్ గైబెన్. ఆమ్‌స్టర్‌డామ్ నగర ప్రాంతంలో బావులు తవ్వితే ఏమవుతుందని పరిశీలించి 1880ల చివర ఈ సంగతి రాశాడు. 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మను ఇంజనీరు తన పరిశీలనలో అదే తేల్చాడు. సముద్ర మట్టానికి పైన తీపి నీరు ఒక అడుగు నిలిచి ఉంటే, మట్టానికి కింద దాదాపు 40 అడుగుల మేర తీపి నీరు ఉంటుంది. ఇది వినటానికి సంతోషంగానే ఉన్నది. తిరగేసి చూడండి. తోడి తోడి ఆ పైనున్న ఒక అడుగును దించివేస్తే, కిందనున్న ఉప్పునీరు కాలక్రమాన 40 అడుగులు పైకి లేస్తుంది. నేలను బట్టి కొంత తేడా ఉండవచ్చు, సూత్రం మాత్రం ఇదే.

అందుకే లోతు బోరు తీరంలో మోసం చేస్తుంది. మొదటి యేడు ధారగా తీపి నీరు. రెండో యేడు కొద్దిగా చప్పన. ఆ తరువాత గులాబి ఆకు అంచు మాడుతుంది. రైతు తెగులనుకొని మందు కొడతాడు. మందు కొట్టువాడు ఇంకొక మందు ఇస్తాడు. నీటిని పరీక్ష చేయించమని చెప్పేవారే కరువు. బోరు వేసినవాడు ఒకడైతే, ఉప్పు తేలేది ఊరందరి దొరువుల్లోనూ.

దీనికి మార్గం లేకపోలేదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రజ్ఞులు మన పాత దొరువునే తీసుకొని మెరుగుపరిచారు. లోతుకు పోకుండా, తీపి నీరున్న పొరలోనే సన్నని రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరుస్తారు. నాలుగు దిక్కుల నుంచీ నీరు నెమ్మదిగా ఒక మధ్య బావిలోకి చేరుతుంది. అక్కడ నుంచి తోడుకుంటారు. ఒకే చోట లోతుగా లాగరు కనుక కింది ఉప్పు కదలదు. మీగడను గరిటెతో గుచ్చి తీయకుండా పైపైన తీసుకోవటం లాంటిది. దీనికి బిందు సేద్యం తోడైతే అదే నీటితో ఎక్కువ పాదులు తడుస్తాయి. ఐతే అర ఎకరం కౌలు రైతు ఒక్కడే ఈ ఖర్చు భరించలేడు. నలుగురైదుగురు కలిసి ఒక బావి వేసుకోవాలి, ప్రభుత్వం సహాయపడాలి.

గట్టు అవతల రొయ్యల చెరువు

ఉప్పు కింద నుంచే కాదు, పక్క నుంచి కూడా వస్తున్నది. 1990 ప్రాంతం నుంచి నెల్లూరు తీరమంతటా రొయ్యల చెరువులు లేచాయి. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు దెబ్బతిన్నాయి. 2009లో వెనామి రకానికి అనుమతి రావటంతో మళ్లీ పుంజుకున్నాయి. రొయ్యల రైతు కూడా అప్పుల్లో ఉన్న రైతే, అతని మీద మాకు పగ లేదు. కానీ వాస్తవం చెప్పక తప్పదు. ఇసుక నేలలో ఉప్పునీటి చెరువు పెడితే ఆ ఉప్పు గట్టు దగ్గర ఆగదు. పక్క దొరువుకు ఊట అందుతుంది.

తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. వ్యవసాయ భూములను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆ తీర్పులో ఉన్నది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. బోర్లను అదుపు చేయటానికి మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కూడా ఉన్నది. చట్టాలకు కరువు లేదు. పూలతోట పక్కన తవ్వుతున్న చెరువుకు అనుమతి ఉన్నదా అని అడిగే నోరే కావాలి. ఒంటరిగా కౌలు రైతు అడిగితే వచ్చే యేడు అతనికి కౌలే ఉండదు. ఊరు కలిసి అడగాలి.

కోసేవారి చేతులు, మండీ పద్దు

నీరు నిలిచింది, తోట పూసింది అనుకుందాం. అంతటితో కథ సుఖాంతం కాదు.

మల్లె మొగ్గ విచ్చకముందే కోయాలి. చీకటితో తోటలో దిగాలి. కోసేది దాదాపు అంతా ఆడవాళ్లే. కనకాంబరం వేల పూలు కోస్తే గాని కిలో తూగదు. ఇసుకలో పాములుంటాయి, మంచులో చీర కుచ్చెళ్లు తడిసి ఒంటికి అంటుకుంటాయి, కొట్టిన మందు వేళ్లకు అంటుతుంది. కూలి మాత్రం కిలో లెక్కన. విడవలూరు మండలంలోని అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన ఊరు. ఆయన 1930లలో వ్యవసాయ కూలీలను కూడగట్టే పని తన సొంత ఊళ్లోనే ప్రారంభించారు. ఆ తీరంలోనే నేడు పూలు కోసే ఆడకూలీ రేటు బేరం లేకుండా ఖాయమవుతున్నదంటే ఆలోచించవలసిందే. పూలరైతు గిట్టుబాటు ధర అడిగేటప్పుడు కూలీ గిట్టుబాటును పక్కన పెట్టరాదు. ఇద్దరి జేబూ ఒకచోటనే కోతపడుతున్నది.

ఆ చోటు మండీ. లెక్క తెలిసేందుకు ఒక ఉదాహరణ వేస్తున్నాము. అంకెలు మావి, మీ పద్దు మీరు వేసుకోండి. పది కిలోల మల్లె, కిలో 100 రూపాయలు. మొత్తం 1000. నూటికి పది కమిషన్ పోతే 100. తరుగు పేరిట ఒక కిలో తీస్తే మరొక 100. ఆటోకు 50. కోత కూలి కిలోకు 30 చొప్పున 300. మిగిలింది 450. ఇందులోంచి ఎరువు, మందు, కరెంటు, కౌలు. "అడ్వాన్సు ఆయన దగ్గరే తీసుకున్నాం గదయ్యా, ఇంకో కొట్టుకు ఎట్టా పోతాం?" — పూలరైతులలో తరచు వినిపించే మాట ఇది. అడ్వాన్సు ఇచ్చినవాడే తూకం వేస్తాడు, ధర చెబుతాడు, పద్దు రాస్తాడు.

పువ్వు ఆగదు. వరి పుట్లు గాదెలో ఆగుతాయి, మిరప శీతల గిడ్డంగిలో ఆగుతుంది. మల్లె సాయంత్రానికి విచ్చుతుంది. ఈ ఆగలేనితనమే దళారీకి బలం. శ్రావణంలో పెండ్లిళ్లు కనుక ధర లేస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలు లేవు కనుక పడిపోతుంది. 2020 మార్చి చివర కరోనా కట్టడి సరిగ్గా మల్లె కాలంలో వచ్చింది. గుళ్లు మూశారు, పెండ్లిళ్లు ఆగాయి, బళ్లు ఆగాయి. కోస్తే కూలి దండగ, కోయకుంటే మొక్కకు చేటు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలు నెల్లూరు జిల్లా రైతాంగాన్ని దెబ్బతీసినవే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటలలో ఏ పువ్వూ లేదు. కౌలు రైతుకు 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఎంతమంది పెడుతున్నారో ఊళ్లో అందరికీ తెలిసినదే.

తెచ్చుకోవలసినది దుంప కాదు

ఇప్పుడు మళ్లీ హాలెండుకు వెళదాం. ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆల్స్‌మీర్ అనే ఊరు ఉన్నది. నూరేండ్ల క్రితం అక్కడి పూలరైతుల గోడు కూడా మన గోడే. వర్తకులు చెప్పిందే ధర. 1911, 1912 ప్రాంతాలలో అక్కడి రైతులు కలిసి తమ పూలను తామే బహిరంగ వేలంలో అమ్మటం ప్రారంభించారు. ఒకే ఊళ్లో రెండు సహకార వేలం సంస్థలు ఏర్పడి, 1968లో ఒకటైనాయి. వారి వేలం పద్ధతి వేరు. గడియారం ముల్లులాగా ధర పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది. ముందు ఆపినవాడిదే సరుకు. అందరి ఎదుట తేలే ధర అది, ఒకని చెవిలో గుసగుసగా చెప్పే ధర కాదు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఆ పూల సంతకు నేటికీ యజమానులు పూలు పండించే రైతులే. పెట్టుబడిదారీ దేశంలోనే ఇది జరిగింది. జరిపించినవారు రైతులు.

ఆ దేశం నుంచి పియోనీ దుంప తెచ్చుకుంటే మన ఇసుకలో కుళ్లిపోతుంది. మన ఇసుకలో నిలిచేవి రెండున్నాయి. మీగడను కాపాడుకోవాలన్న నీటి లెక్క ఒకటి, రైతులదే అయిన సంత మరొకటి.

కనుక మా సూచనలు ఇవి. ప్రతి పూలరైతూ ఏడాదికి రెండుసార్లు, వానల తరువాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, దొరువు నీటిని పరీక్ష చేయించాలి. కాగితం మీద 'ఈ.సి.' అనే అంకె చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో ఇచ్చిన కొలమానం ప్రకారం 0.7 లోపు ఉంటే నిశ్చింత, 0.7కూ 3కూ మధ్య ఉంటే జాగ్రత్త, 3 దాటితే ముప్పు. ఆ అంకెను ఊరందరికీ కనిపించేట్లు గోడ మీద రాసి పెట్టాలి. అంకె పెరుగుతుంటే గులాబి వేయరాదు, కొత్త బోరు వేయనీయరాదు. మెరుగుపరిచిన దొరువులకు నలుగురేసి రైతుల బృందాలకు, కౌలుదారులతో సహా, రాయితీ ఇవ్వాలని ఉద్యానశాఖను నిలదీయాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పూలరైతులు సంఘం పెట్టుకోవచ్చు. సంఘం మొదట చేయవలసిన పని సొంత కాటా, సొంత పద్దు. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లలో పూలకు కూడా తగిన చోటు అడగాలి. కోసే ఆడకూలీల రేటును సంఘం వారితో కూర్చొని తేల్చాలి.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావని మాకు తెలుసు. కానీ మొదటి పని రేపే చేయవచ్చు. బొమ్మ తెచ్చిన ఆ యువ రైతుకు మేము చివరకు చెప్పినదీ అదే. "దుంపల సంగతి పక్కన పెట్టు నాయనా. ముందు ఒక సీసాలో మీ దొరువు నీళ్లు పట్టుకొని పరీక్షకు తీసుకుపో. పక్కతోట వాళ్ల నీళ్లు కూడా పట్టుకుపో." అతను బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా పక్కతోటాయనకూ నాకూ మాటల్లేవు సార్" అన్నాడు.

ఆ మాటలు కలిసిన నాడే తీరంలో పూలతోట నిలుస్తుంది.